తిరుచ్చి శివ బిల్లూ, పేర్లు లేని ఓట్లూ

2015 ఏప్రిల్ 24, శుక్రవారం మధ్యాహ్నం రాజ్యసభలో ఒక ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు తెచ్చిన బిల్లు, నెగ్గింది. తమిళనాడు నుంచి ఎన్నికైన డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ అంతకు నాలుగు నెలల ముందు, 2014 డిసెంబరు 12న ప్రవేశపెట్టిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల బిల్లు అది. చర్చ ముగిసే వేళ సామాజిక న్యాయ శాఖ మంత్రి థావర్‌చంద్ గెహ్లాట్ లేచి, ఈ విషయాన్ని ప్రభుత్వమే చూసుకుంటుంది కాబట్టి బిల్లును వెనక్కి తీసుకోవాలని కోరారు. మామూలుగా ప్రైవేటు మెంబరు బిల్లు కథ అక్కడితో ముగుస్తుంది. మంత్రి హామీ ఇస్తారు, సభ్యుడు ధన్యవాదాలు చెప్పి బిల్లు ఉపసంహరించుకుంటారు, సభ తర్వాతి అంశంలోకి వెళ్లిపోతుంది. శివ ఉపసంహరించుకోలేదు, ఓటుకు పెట్టాల్సిందేనని పట్టుబట్టారు. ఇటువంటి విషయంలో సభ రెండుగా చీలినట్టు కనిపించకూడదని సభానాయకుడు అరుణ్ జైట్లీ అభిప్రాయపడడంతో, డిప్యూటీ ఛైర్మన్ పి.జె. కురియన్ అధ్యక్షతన సభ ఆ బిల్లును మూజువాణి ఓటుతో, అంటే పేర్లు నమోదు చేయకుండా గొంతులు విని తేల్చే ఓటుతో, ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇటువంటి బిల్లును పార్లమెంటులో ఏదో ఒక సభ ఆమోదించడం కొన్ని దశాబ్దాల తర్వాత అదే మొదలు.

శివ పార్టీతో నాకు ఏ సంబంధమూ లేదు. చెన్నైలో ఓటు ఉన్నదాన్నే అయినా, రాజ్యసభ సభ్యులను ఎన్నుకొనేది శాసనసభ్యులు కాబట్టి ఆయనకు ఓటు వేసే అవకాశం నాకు ఎన్నడూ రాలేదు. 1996లో పుదుక్కోట్టై నుంచి లోక్‌సభకు వెళ్లి, ఆ తర్వాత పలుమార్లు రాజ్యసభకు ఎన్నికై, 2014లోనూ 2020లోనూ మళ్లీ అదే సభలో అడుగుపెట్టిన ఇంతటి సీనియర్ సభ్యుడు శాసనకర్తగా ఏం చేశారో చట్టసభ పత్రాల నుంచే తెలుసుకోవాలనిపించింది. బహిరంగ సభల్లో ఏం మాట్లాడారు, టీవీ చర్చల్లో ఎవరిని నిలదీశారు అన్నవి నాకు అవసరం లేదు. ఏ బిల్లు రాశారు, దానికి ఏమైంది, ఇతరులు తెచ్చిన బిల్లుల మీద ఏ వైపు ఓటు వేశారు అన్న మూడు ప్రశ్నలే పెట్టుకున్నాను. మొదటి రెండింటికి సమాధానాలు బాగానే దొరికాయి. మూడోదాని దగ్గర మన పార్లమెంటు పద్ధతిలోని ఒక పెద్ద లోటు ఎదురైంది.

ముందు బిల్లు సంగతి చూద్దాం. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీల ధర్మాసనం, జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ వేసిన కేసులో, తాను స్త్రీనో పురుషుడినో మూడో లింగానికి చెందినవారినో నిర్ణయించుకొనే హక్కు ఆ వ్యక్తిదేనని తీర్పు ఇచ్చింది. ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా పరిగణించి రిజర్వేషన్లు కల్పించాలని కూడా ఆదేశించింది. ఆ తీర్పును చట్టంగా మలిచే పనిని శివ నెత్తికెత్తుకున్నారు. ప్రభుత్వ విద్యాసంస్థల్లోనూ ఉద్యోగాల్లోనూ 2 శాతం రిజర్వేషన్, జాతీయ స్థాయిలోనూ రాష్ట్రాల్లోనూ హక్కుల కమిషన్లు, ఫిర్యాదుల విచారణకు ప్రత్యేక న్యాయస్థానాలు ఆ బిల్లులో ప్రధానమైన అంశాలు. తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ల కోసం సంక్షేమ మండలి ఏర్పాటు చేసి ఉండడం వల్ల, ఇటువంటి బిల్లు ఈ రాష్ట్రం నుంచి ఎన్నికైన సభ్యుడి చేతి మీదుగా రావడంలో వింతేమీ లేదు. ఒక రాష్ట్రం అనుభవం దేశానికి చట్టంగా అందాలంటే ఎవరో ఒకరు దాన్ని భుజాన వేసుకొని ఢిల్లీకి మోయాలి, ఆ పని ఆయన చేశారు.

రాజ్యసభ ఆమోదించిన బిల్లు లోక్‌సభకు చేరింది. అక్కడ 2016 ఫిబ్రవరిలో బిజూ జనతాదళ్ సభ్యుడు బైజయంత్ పండా దాన్ని చర్చకు తీసుకున్నారు గాని ఎటూ తేలలేదు. ఈలోగా 2016 ఆగస్టు 2న ప్రభుత్వం తన సొంత బిల్లును లోక్‌సభలో పెట్టింది. ఆ బిల్లులో రిజర్వేషన్ లేదు, ప్రత్యేక న్యాయస్థానాలు లేవు. పైగా ట్రాన్స్‌జెండర్ అంటే పూర్తిగా స్త్రీ గాని పూర్తిగా పురుషుడు గాని కాని వ్యక్తి అన్న నిర్వచనం, గుర్తింపు కోసం జిల్లా స్థాయి పరిశీలన కమిటీ ముందు నిలబడాలన్న నిబంధన ఆ వర్గం ప్రజలను తీవ్రంగా నొప్పించాయి. లోక్‌సభ ఆ బిల్లును 2018 డిసెంబరు 17న సవరణలతో ఆమోదించింది గాని, రాజ్యసభ దాటకముందే 16వ లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. లోక్‌సభలో పెండింగులో ఉన్న బిల్లులు ఆ సభ రద్దుతోనే మురిగిపోతాయని రాజ్యాంగం 107వ అధికరణం చెబుతున్నది కాబట్టి, రాజ్యసభ ఏకగ్రీవంగా పంపిన శివ బిల్లుకూ అదే గతి పట్టింది.

2019 జూలై 19న ప్రభుత్వం మళ్లీ బిల్లు తెచ్చింది. నిర్వచనం మార్చారు, పరిశీలన కమిటీని తీసేశారు. అయితే గుర్తింపు పత్రం జిల్లా మేజిస్ట్రేటు ఇవ్వాలన్న నిబంధన మిగిలింది. రిజర్వేషన్ రాలేదు. హక్కుల కమిషన్ స్థానంలో సలహాలిచ్చే జాతీయ మండలి వచ్చింది. లైంగిక హింస సహా ట్రాన్స్‌జెండర్ల మీద జరిగే నేరాలకు ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు మాత్రమే శిక్ష పెట్టారు. ఈ చివరి నిబంధన నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. అదే నేరం ఒక స్త్రీ మీద జరిగితే శిక్షాస్మృతి ఎంత కఠినంగా ఉంటుందో తెలిసిన ఎవరికైనా ఈ తేడా కంటిలో నలుసులా గుచ్చుకుంటుంది. 2019 ఆగస్టు 5న లోక్‌సభ ఈ బిల్లును ఆమోదించింది. జమ్మూకాశ్మీర్ వార్తల హోరులో ఆ రోజు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. నవంబరు 26న రాజ్యసభకు వచ్చినప్పుడు దీన్ని సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును క్షుణ్ణంగా పరిశీలించే సభ్యుల బృందానికి, పంపాలని శివ తీర్మానం పెట్టారు. అది వీగిపోయింది. నాలుగున్నరేళ్ల ముందు ఆయన బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించిన సభే ఆ రోజు ఆయన అడిగిన పరిశీలనకు అంగీకరించలేదు. చట్టం 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది.

ఇంత చరిత్ర ఉన్న ఈ పనిని ఒక సభ్యుడి రికార్డులో ఎలా రాస్తారు? పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ప్రతి ఎంపీకి ఒక పుట కేటాయించి, హాజరు శాతం, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు, ప్రవేశపెట్టిన ప్రైవేటు మెంబరు బిల్లులు లెక్కకట్టి చూపిస్తుంది. ఎంతో విలువైన పని అది. పత్రికల్లో వచ్చే ఎంపీల పనితీరు కథనాల్లో చాలా వాటికి ఆ లెక్కలే ఆధారం. కానీ ఆ వరుసలో శివ బిల్లు ఒక అంకె. నోటీసు ఇచ్చి, శీర్షిక చదివి, మళ్లీ ఆ ఊసెత్తని బిల్లు కూడా అక్కడ ఒక అంకే. మంత్రి కోరినా వెనక్కి తగ్గకుండా సభ చేత అవుననిపించిన బిల్లుకూ, నియోజకవర్గంలో చెప్పుకోవడానికి పనికొచ్చే బిల్లుకూ ఆ గడిలో తేడా కనిపించదు. అందువల్ల అంకె చూసి ఆగిపోకుండా, ఆ బిల్లు ప్రతిని తెరిచి, దాని చివర ఉండే ఆశయాలు, కారణాల ప్రకటన చదవమని నేను అడిగిన వారికల్లా చెబుతుంటాను. సభ్యుడు ఎంత శ్రద్ధ పెట్టారో ఆ ఒక్క పుటలో తెలిసిపోతుంది.

ప్రైవేటు మెంబరు బిల్లుకు ఇచ్చే సమయమే చాలా తక్కువ. శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల కార్యకలాపాలకు కేటాయిస్తారు. అందులోనూ ఒక వారం బిల్లులకు, మరో వారం తీర్మానాలకు. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఏ బిల్లు చర్చకు రావాలన్నది లాటరీలో తేలాలి. వారాంతానికి సొంత ఊళ్లకు బయలుదేరే సభ్యులతో శుక్రవారం మధ్యాహ్నానికి బెంచీలు పలచబడతాయి. ఖర్చుతో ముడిపడిన బిల్లు అయితే 117వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి సిఫారసు కావాలి, అంటే ఆచరణలో ప్రభుత్వం సమ్మతించాలి. ఇన్ని గడపలు దాటి, ఇప్పటిదాకా ఉభయ సభల ఆమోదమూ పొంది చట్టాలైన ప్రైవేటు మెంబరు బిల్లులు 14 మాత్రమే. వాటిలో చివరిది సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ల పరిధిని విస్తరించిన చట్టం. ఆనంద్ నారాయణ్ ముల్లా తెచ్చిన ఆ బిల్లు 1970 ఆగస్టులో చట్టమైంది. ఆ తర్వాత ఒక్కటి కూడా లేదు.

ఆ 14 చట్టాల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఫిరోజ్ గాంధీది. పార్లమెంటులో జరిగినదాన్ని జరిగినట్టు రాసిన పత్రికపై పరువు నష్టం దావా వేసే ప్రమాదం ఉండేది. 1956లో ఆయన తెచ్చిన ప్రైవేటు మెంబరు బిల్లు చట్టమై, సభా కార్యకలాపాలను నిజాయితీగా ప్రచురించేవారికి రక్షణ ఇచ్చింది. అత్యవసర పరిస్థితి కాలంలో దాన్ని రద్దు చేశారు, 1977లో తిరిగి తెచ్చారు, ఆ తర్వాత 44వ సవరణతో ఆ రక్షణ రాజ్యాంగంలోకే ఎక్కింది. సభలో ఏం జరిగిందో తెలుసుకొనే హక్కు మనకు ఒక సాధారణ సభ్యుడు శ్రమించి రాసిన బిల్లు ద్వారా వచ్చిందన్న సంగతి, శివ రికార్డు చదువుతున్నప్పుడు నాకు పదే పదే గుర్తొచ్చింది. ఎందుకంటే ఆ హక్కు నేటికీ సగమే నెరవేరింది. సభలో ఎవరు ఏం మాట్లాడారో తెలుస్తుంది గాని, ఎవరు ఏ వైపు ఓటు వేశారో చాలా సందర్భాల్లో తెలియదు.

మైలాపూరులోని అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనంలో జరిగే తెలుగు సమావేశాలకు వీలున్నప్పుడల్లా వెళ్తుంటాను. అక్కడ ఒకసారి శివ బిల్లు గురించి నాలుగు మాటలు మాట్లాడాక, ముందు వరుసలో కూర్చున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చెయ్యెత్తారు. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి చదువుకోవడానికి ఈ నగరానికి వచ్చి, ఇక్కడే స్థిరపడిన పెద్దాయన.

"అమ్మా, తమిళనాడు ఎంపీ గురించి ఇన్ని వివరాలు చెప్పారు, సంతోషం. మరి రాష్ట్ర విభజన బిల్లు నాడు మన ఎంపీల్లో ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో ఒక్క కాగితం చూపించగలరా?"

"చూపించలేను మాస్టారూ. అటువంటి కాగితం లేదు."

"లేకపోవడమేమిటమ్మా, అది చట్టమైంది గదా?"

ఆయన ఆశ్చర్యం న్యాయమైనది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ 2014 ఫిబ్రవరి 18న మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఆ సమయంలో టీవీ ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది, సాంకేతిక లోపమని తర్వాత వివరణ ఇచ్చారు. అంతకు అయిదు రోజుల ముందు మిరియాల స్ప్రే ఘటన జరిగిన నాడు సస్పెండైన ఆంధ్రప్రదేశ్ సభ్యులు పదిహేను మందికి పైగా ఉన్నారు. ఫిబ్రవరి 20న రాజ్యసభ కూడా మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు 3వ అధికరణం కింద సాధారణ మెజారిటీ చాలు, దాన్ని రాజ్యాంగ సవరణగా పరిగణించనక్కరలేదని 4వ అధికరణం చెబుతున్నది కాబట్టి ఓట్లను పేరు పేరునా నమోదు చేయాల్సిన అవసరం చట్టప్రకారం లేకపోయింది. విభజన మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్లను. తెలంగాణ కావాలని దశాబ్దాలు పోరాడినవారికీ, వద్దని గుండెలు బాదుకున్నవారికీ సమానంగా తగిలిన నష్టం గురించే నేను మాట్లాడుతున్నాను. తెలుగువారి జీవితాన్ని ఇంతగా మార్చిన చట్టం మీద తాము గెలిపించిన సభ్యుడు తమ పక్షాన ఓటు వేశాడని గాని, వేయలేదని గాని అధికారిక పత్రం చూపి చెప్పే వీలు ఇరు ప్రాంతాల్లో ఒక్క ఓటరుకూ లేదు.

మూజువాణి ఓటు ఎలా జరుగుతుందో చెప్పాలి. ప్రతిపాదనకు అనుకూలురు అవుననండి, వ్యతిరేకులు కాదనండి అని అధ్యక్ష స్థానంలో ఉన్నవారు అడుగుతారు. వినిపించిన గొంతుల బట్టి అవునన్నవారిదే గెలుపని ప్రకటిస్తారు. ఎవరైనా సభ్యుడు ఆ నిర్ణయాన్ని సవాలు చేసి డివిజన్ కోరితే లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాల పాటు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, సభ్యులు తమ సీటు దగ్గరి మీటలు నొక్కుతారు. బోర్డు మీద అంకెలు వెలుగుతాయి. దిద్దుబాట్లకు లోబడి ఇన్ని అవును, ఇన్ని కాదు అని అధ్యక్షులు చదువుతారు. మీట పనిచేయని వారు, తప్పు మీట నొక్కినవారు స్లిప్పు రాసి ఇస్తారు. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లును ప్రవేశపెట్టే ఘట్టంలో లోక్‌సభ బోర్డు మీద మొదట 220 అనుకూలం, 149 వ్యతిరేకం అని వచ్చింది. స్లిప్పులన్నీ లెక్కించాక అవి 269, 198గా తేలాయి. ఆ తర్వాత అందరి పేర్లూ అక్షర క్రమంలో సభా కార్యకలాపాల పత్రంలోకి ఎక్కుతాయి. ఎన్నేళ్లు గడిచినా ఆ పుట చెరగదు.

మూజువాణి ఓటు జరిగిన చోట ఆ పత్రంలో కనిపించేది ప్రతిపాదన ఆమోదం పొందిందన్న ఒక్క వాక్యం. 2015 ఏప్రిల్ 24 నాటి శివ బిల్లు చివరా అంతే. ఏకగ్రీవం కాబట్టి ఎవరు కాదన్నారన్న ప్రశ్న లేదు గాని, ఆ మధ్యాహ్నం సభలో కూర్చొని అవునన్నవారు ఎవరెవరో, అసలు ఎందరో ఓటింగ్ జాబితా రూపంలో మనకు దక్కలేదు. అదే సభ 2019లో వేరొక చట్టానికి ఆమోదం తెలిపినప్పుడు, వీరిలో ఎవరు మనసు మార్చుకున్నారో పోల్చి చూసే అవకాశం కూడా అందువల్లే పోయింది.

రాజ్యాంగ సవరణ బిల్లులకు మాత్రం ప్రత్యేక మెజారిటీ లెక్క చూపాలి కాబట్టి డివిజన్ తప్పదు. మహిళా రిజర్వేషన్ బిల్లును 2023 సెప్టెంబరు 20న లోక్‌సభ 454 అనుకూల, 2 వ్యతిరేక ఓట్లతో ఆమోదించింది. కొత్త భవనంలోకి అప్పుడే మారిన సభ ఆ రోజు ఆకుపచ్చ, ఎరుపు స్లిప్పుల మీద సంతకాలు చేసి ఓటు వేసింది. ఆ రెండు వ్యతిరేక ఓట్లలో ఒకటి హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీది. వెనుకబడిన తరగతుల, ముస్లిం మహిళలకు అందులో వాటా లేదన్నది ఆయన అభ్యంతరం. ఆయనతో ఏకీభవించేవారు, విభేదించేవారు ఇద్దరూ హైదరాబాదులో ఉన్నారు. ఇద్దరికీ తమ సభ్యుడు ఏం చేశారో, ఎందుకు చేశారో రూఢిగా తెలుసు. ప్రజాప్రతినిధికీ ఓటరుకూ మధ్య కనీసం ఇంత స్పష్టత ప్రతి చట్టం విషయంలోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

డివిజన్ కోరితే ఇస్తారు గదా, కోరని సభ్యులదే తప్పు అని కొందరు అంటారు. శివ రికార్డులోనే దీనికి సమాధానం ఉంది. 2020 సెప్టెంబరు 20, ఆదివారం, రెండు వ్యవసాయ బిల్లులు రాజ్యసభ ముందుకు వచ్చాయి. వాటిని సెలెక్ట్ కమిటీకి పంపాలని తీర్మానాలు పెట్టినవారిలో శివ ఒకరు. డిప్యూటీ ఛైర్మన్ హరివంశ్ వాటిని మూజువాణి ఓటుతో తోసిపుచ్చి, బిల్లులను కూడా మూజువాణి ఓటుతోనే ఆమోదింపజేశారు. సభ్యులు తమ స్థానాల నుంచి డివిజన్ కోరలేదనీ, సభ అదుపులో లేదనీ హరివంశ్ తర్వాత వివరించారు. సభ ప్రసారం దృశ్యాల్లో శివ, సీపీఎం సభ్యుడు కె.కె. రాగేశ్ తమ సీట్ల దగ్గర నుంచే డివిజన్ అడగడం కనిపిస్తున్నదని పత్రికలు రాశాయి. మరునాడు ఎనిమిది మంది సభ్యులు సస్పెండయ్యారు. హరివంశ్‌పై ప్రతిపక్షాలు ఇచ్చిన అవిశ్వాస నోటీసును, 14 రోజుల గడువు నిబంధన చూపి ఛైర్మన్ వెంకయ్యనాయుడు తిరస్కరించారు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాది పాటు కూర్చున్న ఆ చట్టాల మీద రాజ్యసభలో ఒక్క సభ్యుడి ఓటు కూడా పేరుతో నమోదు కాలేదు. 2021 నవంబరు 29న వాటిని రద్దు చేసిన బిల్లు కూడా ఉభయ సభల్లోనూ చర్చ లేకుండా మూజువాణి ఓటుతోనే గడిచింది. చేసిన నాడూ పేర్లు లేవు, తీసేసిన నాడూ పేర్లు లేవు.

ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా కోసం రాజ్యసభలో కె.వి.పి. రామచంద్రరావు పెట్టిన ప్రైవేటు మెంబరు బిల్లును కూడా ఇక్కడ తలచుకోవాలి. 2016 జూలైలో అది ఓటింగుకు రావాల్సిన రోజు వేరే వివాదం మీద గొడవతో సభ వాయిదా పడింది. తర్వాత అది రాజ్యసభలో పెట్టడానికి వీల్లేని ద్రవ్య బిల్లు అన్న అభ్యంతరం లేచింది. ఓటు జరిగి ఉంటే హోదా గురించి వేదికలెక్కి మాట్లాడిన ప్రతి పార్టీ సభ్యుడూ ఆ రోజు ఏ మీట నొక్కాడో తెలుగు ప్రజలకు తెలిసేది.

అమెరికాలో ఉంటున్న మా మేనకోడలు నాతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ, "అత్తా, మా ప్రతినిధి ఏ బిల్లుకు ఏమన్నాడో నేను ఫోన్లోనే చూస్తాను" అని చూపించింది. అక్కడా మూజువాణి ఓట్లు ఉంటాయి, అన్నీ నమోదు కావు. అయినా ప్రతినిధుల సభలో 1973 నుంచి ఎలక్ట్రానిక్ ఓటింగ్ నడుస్తున్నది, వివాదం ఉన్న బిల్లుల్లో అధిక భాగం మీద పేరు పేరునా ఓటు దొరుకుతుంది. ఎవరు బిల్లు రాశారు, ఎవరు దానికి తోడు సంతకం పెట్టారు అన్నవి కూడా అదే పుటలో ఉంటాయి. దశాబ్దాల పాటు పనిచేసిన సభ్యుడి గురించి అక్కడి ఓటరు ఒక సాయంత్రం కూర్చొని చదువుకోగలడు.

మన దగ్గర ఎటు ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశం, అంటే విప్, ఉంటుంది, సభ్యుడి ఓటు పార్టీ ఓటే, అందులో కొత్తగా తెలిసేదేముంది అన్నది నేను ఎక్కువగా వినే అభ్యంతరం. దీన్ని తీసిపారేయలేం. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి వచ్చిన, పార్టీ ఫిరాయింపులను అడ్డుకొనే పదో షెడ్యూలు ప్రకారం, విప్‌కు విరుద్ధంగా ఓటు వేసినా, అనుమతి లేకుండా ఓటింగుకు గైరుహాజరైనా, పార్టీ 15 రోజుల్లోగా క్షమించకపోతే సభ్యత్వం పోవచ్చు. ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓట్లకే విప్‌ను పరిమితం చేయాలని మనీశ్ తివారీ 2010లోనే ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అదీ ముందుకు సాగలేదు. కానీ విప్ ఉన్నా ఓటు రికార్డు ఎన్నో సంగతులు చెబుతుంది. 2019 జూలై 30న తలాక్ బిల్లు రాజ్యసభలో 99-84 తేడాతో నెగ్గింది. అన్నాడీఎంకే, జేడీయూ సభ్యులు బయటికి వెళ్లిపోవడం ఆ ఫలితాన్ని ఎంత ప్రభావితం చేసిందో డివిజన్ జరగడం వల్లే మనకు తెలిసింది. మాటల్లో వ్యతిరేకించి, ఓటు వేళకు గుమ్మం దాటినవారెవరో ఇక్కడ తమిళనాడు ఓటర్లు గమనించగలిగారు.

రాజ్యసభ ఎన్నికల్లో శాసనసభ్యుడు తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించి మరీ వేయాలని 2003లో చట్టం మార్చారు, 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పార్టీకి తన సభ్యుడి ఓటు చూసే హక్కు ఉందని ఒప్పుకున్న వ్యవస్థ, ఆ సభ్యుడికి జీతమిచ్చే ప్రజలకు కూడా చట్టసభలో అతని ఓటు చూపించడానికి ఎందుకు వెనకాడాలో నాకు అర్థం కాదు.

దీనికి రాజ్యాంగం మార్చనక్కరలేదు. 118వ అధికరణం కింద ప్రతి సభా తన పద్ధతులకు తానే నియమాలు రాసుకుంటుంది. ఏ బిల్లు అయినా చివరి ఆమోదం దశలో డివిజన్ తప్పనిసరి అని ఒక నియమం చేరిస్తే చాలు. సవరణలన్నిటికీ అవసరం లేదు, చివరి ఓటు ఒక్కదానికి చాలు. మీటలు ప్రతి సీటు దగ్గరా ఉన్నాయి. గంట మోగే మూడున్నర నిమిషాలు, ఓటుకు మరికొంత వ్యవధి తప్ప సభకు పట్టే సమయం లేదు. తిరుచ్చి శివ వంటి సీనియర్ సభ్యుడు, డివిజన్ కోసం నిలబడి అడిగిన అనుభవం ఉన్న మనిషి, ఈ నియమ సవరణ కోసమే పట్టుబడితే ఎంతో బాగుంటుందని నా ఆశ. రాజ్యసభలో ఏ పార్టీ సభ్యులైనా, మన రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులైనా ఆ పనికి పూనుకోవచ్చు.

ఈలోగా దొరికే పత్రాలతో నేను ఒక పట్టిక తయారు చేస్తున్నాను. 2014 తర్వాత డివిజన్ జరిగిన బిల్లుల మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు సభ్యుల ఓట్లను పేరు పేరునా తీసి తెలుగులో పెడతాను. మొదట 2016 ఆగస్టు 3న రాజ్యసభ 203-0తో ఆమోదించిన వస్తు సేవల పన్ను సవరణ బిల్లు, ఆ తర్వాత 2025 ఏప్రిల్ 4 తెల్లవారుజామున 128-95తో నెగ్గిన వక్ఫ్ సవరణ బిల్లు వస్తాయి. గైరుహాజరైనవారి పేర్లు పత్రంలో ఉండవు కాబట్టి, సభ్యుల పూర్తి జాబితాతో పోల్చి వాటిని విడిగా గుర్తించాలి. కొంత సమయం పడుతుంది. 2014 ఫిబ్రవరిలో విభజన బిల్లుపై తాము ఏ వైపు నిలబడ్డామో చెబుతూ అప్పటి ఎంపీలు రాసి ఇచ్చిన ప్రకటనలు, ఓటర్లకు పంపిన ఉత్తరాలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి. ఓటుకు అవి సాటి రావు గాని, మాస్టారు అడిగిన కాగితం ఉండవలసిన చోట వాటినైనా వరుసగా పేర్చి పెడతాను.